ఆటోరన్స్ సమీక్ష: కంప్యూటర్‌తో పాటు ఇంకెవరెవరు నిద్ర లేస్తున్నారు?

తెనాలిలో నలుగురం కలిసి నడుపుకునే చిన్న పన్నుల సలహా కార్యాలయం మాది. రిటర్నుల గడువు దగ్గరపడి ఊపిరి సలపని రోజుల్లో ఒక పాత ఖాతాదారు ఫోన్ చేసి, "మీ బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ పెట్టారు కదండీ, ఫీజు ఆ కొత్త ఖాతాలోకే వెయ్యమంటారా?" అని అడిగారు. మేము ఏ మెయిలూ పెట్టలేదు, మా ఖాతా మారనూ లేదు. పంపిన ఉత్తరాల పెట్టెలో దాని జాడ లేదు గానీ, మెయిల్ ఖాతా భద్రతా పేజీలో మాకు సంబంధం లేని ఊరి నుంచి ఎవరో లాగిన్ అయినట్టు మాత్రం నమోదై ఉంది. వెంటనే పాస్‌వర్డు మార్చాం. మూడో రోజుకు మళ్లీ అదే వరస. కొత్త పాస్‌వర్డును కూడా ఎవరో మా భుజం మీదుగా చూస్తున్నారని, చూస్తున్నది మనిషి కాదని, అది మా కంప్యూటర్‌లోనే కూర్చుని ఉన్నదని అప్పుడు తెలిసివచ్చింది. దాన్ని పట్టించిన పనిముట్టు పేరు ఆటోరన్స్. అప్పటి నుంచి నెలకోసారైనా దాన్ని తెరుస్తున్నాను కనుక, దాని మేలునూ లోటునూ కొంత నమ్మకంగానే చెప్పగలను.

ఆటోరన్స్ అనేది సిస్‌ఇంటర్నల్స్ అనే పనిముట్ల సంచిలో ఒకటి. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు 1996లో మొదలుపెట్టిన ఈ సంచిని 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నది. ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతుంది, మరెక్కడి నుంచీ దించుకోవలసిన అవసరం లేదు, దించుకోకూడదు కూడా. కొద్ది ఎంబీల జిప్ ఫైలు విప్పితే చాలు, ఇన్‌స్టాల్ చేసే పని లేదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ కంప్యూటర్‌కైనా పట్టుకెళ్లవచ్చు. పేరు చూసి, ఒకప్పుడు నెట్ సెంటర్లలో పెన్‌డ్రైవ్ పెట్టగానే అంటుకునే ఆటోరన్ వైరస్‌ను తలచుకుని మా సహోద్యోగి ఒకరు ఉలిక్కిపడ్డారు. ఆ పేరుకూ దీనికీ ఉన్న చుట్టరికం ఒక్కటే: దానంతట అది నడవడం. కంప్యూటర్ వెలిగినప్పుడు, మనం లాగిన్ అయినప్పుడు, ఒక వేళకు గంట కొట్టినప్పుడు, మన ప్రమేయం లేకుండా తమంతట తాము లేచే ప్రోగ్రాములన్నిటినీ ఒకే పట్టీలో చూపించడమే దీని పని.

స్పైవేర్‌ను, అంటే మనకు తెలియకుండా మనల్ని కనిపెట్టే గూఢచారి ప్రోగ్రామును, పట్టడానికి ఈ పట్టీ ఎందుకు పనికి వస్తుందో తెలియాలంటే స్పైవేర్ బతుకుతెరువు కొంచెం తెలియాలి. 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో దాని చేష్టలు బయటికే కనిపించేవి: హోమ్ పేజీ మారిపోయేది, అడగని టూల్‌బార్లు అతుక్కునేవి, ప్రకటనలు కిటికీ మీద కిటికీగా తెరుచుకునేవి. ఆ బెడద ముదరడం వల్లనే మైక్రోసాఫ్ట్ 2004 డిసెంబరులో జయంట్ అనే చిన్న సంస్థను కొని, దాని యాంటీస్పైవేర్ ప్రోగ్రామును తనదిగా చేసుకున్నది. నేడు విండోస్‌తో పాటు వచ్చే రక్షణ ప్రోగ్రాము డిఫెండర్‌కు మూలం అదే. ఇప్పటి స్పైవేర్‌కు ప్రకటనలు చూపే సరదా లేదు. నొక్కిన ప్రతి మీటనూ రాసుకోవడం, కాపీ చేసిన ప్రతి ముక్కనూ దాచుకోవడం, కొంతసేపటికొకసారి తెర ఫొటో తీయడం, బ్రౌజరులో భద్రపరచిన పాస్‌వర్డులను ఊడ్చుకోవడం, అంతా మూటగట్టి యజమానికి పంపడం, ఇదీ దాని దినచర్య. ఇవన్నీ చాలా తేలికైన పనులు. అందువల్ల "కంప్యూటర్ నెమ్మదించింది, ఏదో పట్టింది" అనే మన పాత లెక్క ఇప్పుడు చెల్లదు; మా కంప్యూటర్ ఆ నెలంతా గుర్రంలా పరుగెత్తింది. నెమ్మదించిన కంప్యూటర్‌లో తరచుగా ఉండేది నిండిపోయిన డిస్కే గాని గూఢచారి కాదు.

అయితే అది ఎంత తేలికగా నడిచినా దానికి ఒక గడ్డు సమస్య ఉన్నది. సాయంత్రం మనం కంప్యూటర్ ఆపేస్తే అదీ ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ లేవాలంటే, తనను లేపమని విండోస్‌కు ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. ఆ రాత విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలోని రన్ అనే కీలో ఉండవచ్చు, షెడ్యూల్డ్ టాస్క్స్‌లో ఉండవచ్చు, సర్వీసుగా, డ్రైవరుగా, ఫైళ్లను చూపే ఎక్స్‌ప్లోరర్‌కు తగిలించిన తోకగా ఉండవచ్చు. విండోస్‌లోనే ఉన్న టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ విభాగం వీటిలో రెండు మూడు చోట్లనే చూపుతుంది. ఆటోరన్స్ ఇలాంటి చోట్లను పేరుపేరునా వెదికి, పదిహేనుకు పైగా విభాగాలుగా పరుస్తుంది.

మొదటిసారి తెరిచినవారికి మాత్రం బెదురు పుడుతుంది. ఎవరినీ పలకరించని తెర, వరుసల మీద వరుసలు, ఒక్కో వరుసలో పేరు, వివరణ, ప్రచురణకర్త, ఫైలు ఉన్న చోటు, తేదీ. మా మామూలు కంప్యూటర్‌లోనే వందల వరుసలు వచ్చాయి. "మీ కంప్యూటర్ భద్రంగా ఉన్నది" అని ఆకుపచ్చ టిక్కు వేసే అలవాటు దీనికి లేదు. "ప్రమాదం" అని ఎర్రగా అరిచే అలవాటూ లేదు. ఇది సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. ఈ స్వభావం కొందరికి లోపంగా తోచవచ్చును గాని, నా దృష్టిలో దీని విలువంతా అక్కడే ఉన్నది.

వరుసలను తగ్గించుకునే దారి ఉంది. ముందుగా అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరవాలి, లేకపోతే కొన్ని చోట్లు దానికే కనిపించవు. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో డిజిటల్ సంతకాలను (తయారీదారు తన ఫైలు మీద వేసే ముద్రలను) సరిచూడమని, ప్రతి ఫైలు వేలిముద్రనూ (దాని లోపలి సరుకును బట్టి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యను), ఫైళ్లను అనేక యాంటీవైరస్ ఇంజన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైటుతో పోల్చమని రెండు గడులు టిక్కు చేయాలి. ఆ పైనే మైక్రోసాఫ్ట్ వరుసలను దాచమని చెప్పాలి. ఈ క్రమం ముఖ్యం, ఎందుకంటే ఒక ఫైలు వివరాలలో "మైక్రోసాఫ్ట్" అని ఎవరైనా రాసుకోవచ్చు, సంతకం మాత్రం అలా అరువు తెచ్చుకోలేరు. సరిచూడకుండా దాచమంటే దొంగ కూడా ఇంటిపేరు మార్చుకుని ఆ గుంపులో దాక్కోగలడు. సంతకం లేని వరుస గులాబీ రంగులో, ఎప్పుడో తొలగిపోయిన ఫైలును ఇంకా వెదుకుతున్న వరుస పసుపు రంగులో కనిపిస్తాయి. వైరస్‌టోటల్ గడిలో రెండు అంకెలు వస్తాయి: సుమారు డెబ్బై తనిఖీ ఇంజన్లలో ఎన్ని ఆ ఫైలును తప్పుపట్టాయో మొదటి అంకె చెబుతుంది.

ఇలా వడపోశాక మా రెండో కంప్యూటర్‌లో ముప్పై చిల్లర వరుసలు మిగిలాయి. ప్రింటరుది, స్కానరుది, డిజిటల్ సంతకపు టోకెనుది, ట్యాలీకి సంబంధించినది, ఇలా ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి పక్కన పెడుతూ పోతే షెడ్యూల్డ్ టాస్క్స్ దగ్గర చెయ్యి ఆగింది. అప్‌డేట్స్ అనే పెద్దమనిషి పేరు కింద, ఏ భాషలోనూ అర్థం లేని పది అక్షరాల పేరుతో ఒక టాస్కు. ప్రచురణకర్త గడి ఖాళీ. వరుస గులాబీ రంగు. ఫైలు ఉన్నది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాదు, మా గుమాస్తా ఖాతాలోని యాప్‌డేటా అనే దాగిన ఫోల్డరులో, దాని లోపలి రోమింగ్‌లో. వైరస్‌టోటల్ గడిలో డెబ్బై ఒకటికి యాభై రెండు. ఒక్కో గుర్తును విడిగా తీసుకుంటే దేనికైనా సాకు చెప్పవచ్చు: సంతకం లేని మంచి ప్రోగ్రాములు ఉన్నాయి, యాప్‌డేటాలో నివసించే మర్యాదస్థులూ ఉన్నారు. పేరూ, చోటూ, సంతకమూ, అంకె నాలుగూ ఒకే వరుసలో ఒకే మాట చెప్పినప్పుడు సాకులు మిగలవు.

ఇంజన్లు దానికి పెట్టిన పేర్లలో ఎక్కువ భాగం ఏజెంట్ టెస్లా అన్నాయి. 2014 నుంచి తిరుగుతున్న పాత రకమే ఇది, ముఖ్యంగా కొనుగోలు ఆర్డరనో ఇన్వాయిసనో నమ్మించే మెయిల్ జోడింపుల ద్వారా చిన్న వ్యాపార కార్యాలయాలలోకి జొరబడుతుంది. దోచినదాన్ని పంపడానికి ఇది తరచుగా మామూలు మెయిల్ దారినే వాడుకుంటుంది. ఆ సంగతి చదివి, సిస్‌ఇంటర్నల్స్ సంచిలోనే ఉన్న ఏ ప్రోగ్రాము నెట్‌లో ఎవరితో మాట్లాడుతున్నదో ఒక్కో గీతగా చూపే టీసీపీవ్యూ అనే మరో పనిముట్టును తెరిచి కనిపెట్టుకుని కూర్చున్నాను. కార్యాలయంలో మేమంతా మెయిల్‌ను బ్రౌజరులోనే చూస్తాం, మెయిల్ ప్రోగ్రాము ఏదీ లేదు. అయినా కొంతసేపటికి మెయిల్ పంపడానికి వాడే 587 పోర్టుకు ఒక గీత పుట్టి, కొన్ని సెకన్లు ఉండి, చెరిగిపోయింది. నెట్ తీగ పీకేశాను. అది చూసినప్పుడు కలిగిన జుగుప్స ఇప్పటికీ పోలేదు.

మరి డిఫెండర్ ఏం చేస్తున్నదని అడగవచ్చు. అది అంతకాలమూ "ఏ ముప్పూ లేదు" అనే చెబుతూ వచ్చింది. కారణం వెదికితే విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగుల అట్టడుగున, ఎక్స్‌క్లూజన్స్ అనే మినహాయింపుల పట్టీలో దొరికింది: సీ డ్రైవు మొత్తం తనిఖీ నుంచి మినహాయించి ఉన్నది. అంతకు ముందు ఏడాది కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన ఒక కుర్రవాడు, లైసెన్సు లేని ఆఫీసు ప్రోగ్రాము ఎక్కిస్తూ, "ఇది ఆపకపోతే క్రాక్‌ను తినేస్తుందండీ" అని చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. డబ్బు మిగిలిందని మేము సంతోషించాం కూడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ కావలివాడి కళ్లకు గంతలు కట్టింది ఇంటివాళ్లమే. ఈ సమీక్ష చదివి ఆటోరన్స్ దించుకునే ఓపిక లేనివారు కూడా ఆ ఒక్క పట్టీని మాత్రం ఈరోజే తెరిచి చూసుకోవడం మంచిది. మీరు పెట్టని మినహాయింపు అందులో ఉంటే అది దానంతట వచ్చి కూర్చున్నది కాదు.

తెలుగు రాసేవారికి ఒక పిట్టకథ. గులాబీ వరుసలలో మా పాత తెలుగు కీబోర్డు ప్రోగ్రాము కూడా ఉన్నది. సంతకం లేదు, ప్రచురణకర్త లేడు, పైగా వైరస్‌టోటల్‌లో రెండు ఇంజన్లు దాన్ని అనుమానించాయి. ఆలోచిస్తే ఆ అనుమానం సబబే. మనం ఆంగ్ల అక్షరం మీట నొక్కితే తెలుగు అక్షరం పడాలంటే, ఆ ప్రోగ్రాము ప్రతి మీటనూ మధ్యలో ఆపి వినవలసిందే. మీటలు దొంగిలించే స్పైవేర్ చాలాసార్లు చేసేదీ ఆ పనే. తేడా అంతా విన్నదాన్ని ఏం చేస్తారన్న దగ్గరే ఉంది. కీబోర్డు ప్రోగ్రాము విన్నది తెర మీద పెడుతుంది, బయటి నెట్‌తో దానికి పని లేదు, మా దాన్ని కొన్ని రోజులు టీసీపీవ్యూలో గమనించినా ఒక్క గీత పుట్టలేదు. ఇటువంటి విచక్షణను ఏ ఇంజనూ మన తరఫున చేయలేదు. ఒకటి రెండు ఇంజన్లు తప్పుపట్టగానే తొలగించి పారేసేవారి చేతిలో ఆటోరన్స్ ప్రమాదకరమే. పొరబాటున ఒక డ్రైవరు వరుసను కొట్టేస్తే కంప్యూటర్ అసలు లేవకపోవచ్చు. అందుకే వరుసకు ముందున్న టిక్కు తీసేయడంతో సరిపెట్టుకోవాలి. తీసేసిన వరుసను ఆటోరన్స్ ఒక పక్కన దాచి ఉంచుతుంది, అవసరమైతే మళ్లీ టిక్కు పెట్టవచ్చు. డిలీట్‌కు తిరుగు లేదు.

ఇక లోటుపాట్లు. క్రోమ్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లకు తగిలించే ఎక్స్‌టెన్షన్లను ఆటోరన్స్ చూపదు. ఎవరూ వాడని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక విభాగం ఇంకా ఉంది గాని, మనం రోజంతా గడిపే చోటికి లేదు. మనం చూసే ప్రతి పేజీనీ చదివే అనుమతి పుచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ ఒక పూర్తి స్థాయి గూఢచారి కాగలదు, కనుక ఆ పట్టీని బ్రౌజరులోనే విడిగా చూసుకోవాలి. ఇంత పేరున్న పనిముట్టులో ఇంత పెద్ద కిటికీ మూసి ఉండడం నాకు మింగుడుపడలేదు.

రెండో లోటు ఇంకా పెద్దది, అయితే అది పనిముట్టు తప్పు కాదు. మర్నాడు లేవాలన్న అక్కర లేని దొంగలు ఇప్పుడు ఎక్కువయ్యారు. లుమ్మా స్టీలర్ వంటివి ఒక్కసారి నడిచి, భద్రపరచిన పాస్‌వర్డులనూ, లాగిన్ అయి ఉన్నట్టు బ్రౌజరు దాచుకునే కుకీలనూ కొన్ని నిమిషాలలో మూటగట్టి పంపేసి వెళ్లిపోగలవు. ఆ కుకీ చేజిక్కితే పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే మన ఖాతాలోకి దూరవచ్చు. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లోనే ప్రపంచం మొత్తం మీద 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు లుమ్మా సోకినట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించి, అమెరికా న్యాయశాఖతో, యూరోపోల్‌తో కలిసి దాని యంత్రాంగాన్ని దెబ్బతీసింది. "మీరు రోబో కాదని నిరూపించండి" అంటూ విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కించి, ఏదో అతికించి ఎంటర్ కొట్టమనే నకిలీ పేజీలు ఇలాంటివాటికి ఇష్టమైన దారి. నిజమైన కాప్చా ఏదీ ఆ పని చేయమనదు. అలా చేసి ఉంటే, తర్వాత ఆటోరన్స్ తెర శుభ్రంగా కనిపించినా దానికి విలువ లేదు. దొంగ ఇంట్లో లేడంటే రాలేదని అర్థం కాదు.

మూడోది, విండోస్ లోపల నడిచే ఏ పనిముట్టూ విండోస్ చూపినదే చూడగలదు. 2005 అక్టోబరు 31న రుసినోవిచ్ తన సొంత కంప్యూటర్‌లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీ ఎక్కించిన రూట్‌కిట్‌ను బయటపెట్టిన ఉదంతం ఈ రంగంలో అందరూ ఎరిగినదే: ఒక నిర్ణీత ఉపసర్గతో మొదలయ్యే ఫైళ్లనూ, రిజిస్ట్రీ కీలనూ, ప్రాసెసులనూ అది విండోస్ కంటికే కనిపించకుండా చేసింది. దాన్ని పసిగట్టింది ఆటోరన్స్ కాదు, రూట్‌కిట్ రివీలర్ అనే వేరే పనిముట్టు. ఆటోరన్స్‌లో దీనికి పాక్షికమైన విరుగుడు ఉన్నది: అనుమానం ఉన్న డిస్కును మరో మంచి కంప్యూటర్‌కు తగిలించి, నిద్రలో ఉన్న విండోస్‌గా దాన్ని పరీక్షించవచ్చు. డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ కూడా ఈ సూత్రం మీదనే, విండోస్ పూర్తిగా లేవకముందే వెదుకుతుంది. పావుగంట పడుతుంది, మామూలు మనిషికి ఇది మరింత సులువు.

వైరస్‌టోటల్ విషయంలో ఒక హెచ్చరిక. వేలిముద్రను పంపడం వేరు, ఫైలునే పంపడం వేరు. తెలియని ఫైళ్లను కూడా సమర్పించమనే గడి ఒకటి పక్కనే ఉంటుంది. అక్కడికి ఎక్కిన ఫైళ్లు ఇతర భద్రతా సంస్థల చేతికీ అందుతాయి. ఖాతాదారుల వివరాలతో పని చేసే మాబోటివారు ఆ గడిని ముట్టుకోకపోవడమే క్షేమం.

మా కంప్యూటర్ సంగతికి వస్తే, ఆ వరుసను ఆపిన తర్వాత కూడా నాకు నమ్మకం కుదరలేదు. బ్యాంకు లావాదేవీలూ, ఖాతాదారుల పాన్ వివరాలూ ఉన్న కంప్యూటర్‌లో ఒక దొంగ దొరికితే రెండోవాడు లేడని ఎవరు హామీ ఇస్తారు? ఆ పట్టీని సాక్ష్యంగా దాచుకుని, డేటా ఫైళ్లను మాత్రమే తీసి, డిస్కు తుడిచి, లైసెన్సు ఉన్న విండోస్ కొత్తగా వేయించాం. పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టి, అంతకాలం బద్ధకించిన రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాం. సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించాం. ఆ ఖాతాదారు డబ్బు వేయకముందే అడిగారు కనుక నష్టం లేకుండా గడిచింది. గుర్తించడానికి ఆటోరన్స్‌కు పూర్తి మార్కులు వేస్తాను, శుభ్రం చేయడానికి దాన్ని నమ్ముకోమని మాత్రం చెప్పను.

ఒక్క బటను నొక్కితే అంతా తేలిపోవాలనుకునేవారికి ఇది తగదు. వారికి మినహాయింపులు లేని డిఫెండరూ, ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే విండోసూ చాలు. కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సీఈఆర్‌టీ-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచిత తొలగింపు పనిముట్లు కూడా దొరుకుతాయి. నాలుగైదు కంప్యూటర్ల బాధ్యత ఎవరి నెత్తిన ఉన్నదో, ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు ఎవరు వెచ్చించగలరో, వారికి ఇది వెలలేనిది. ఆ రెండు గంటలూ మొదటిసారికే. కంప్యూటర్ శుభ్రంగా ఉన్న రోజున పట్టీని సేవ్ చేసి ఉంచుకుంటే, తర్వాత కంపేర్ అనే ఆజ్ఞతో పాతదానిలో లేని కొత్త వరుసలను ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది. నేను ప్రతి నెలా మొదటి సోమవారం ఆ పని చేస్తున్నాను. ఈసారి రెండు ఆకుపచ్చ వరుసలు వచ్చాయి: ఒకటి కొత్తగా కొన్న స్కానరుది, రెండోది బ్రౌజరు తనను తాను తాజా చేసుకునే సర్వీసు. రెండింటికీ సంతకాలు సరిపోయాయి. టీ చల్లారేలోపే పని అయిపోయింది.